ఆరిన చుక్కలో ఏడు రోజులు

స్వీడన్‌లో ఓరియెంటీరింగ్ అని ఒక ఆట ఉంది. చేతిలో పటం, దిక్సూచి పట్టుకుని, దారి లేని అడవిలో దారి వెతుక్కుంటూ పరుగెత్తాలి. ముందు చేరినవాడే గెలిచినట్టు. 1957 నుంచి 1963 దాకా ఈ ఆటగాళ్లకు ఒకరి వెనక ఒకరికి కామెర్లు వచ్చాయి. లెక్క తీస్తే 568 మంది తేలారు. అప్పట్లో సీరం హెపటైటిస్ అని, ఇప్పుడు హెపటైటిస్ బి అని పిలిచే రకం జబ్బు అది. సూదులతోనో, రక్తం ఎక్కించుకుంటేనో వస్తుందని పుస్తకాల్లో రాసి ఉంది. మరి అడవిలో పరుగెత్తేవాళ్ల ఒంట్లోకి ఎలా చేరింది?

వైద్యులు చివరికి వాళ్ల కాళ్లు చూశారు. పిక్కల నిండా గీతలే. ముందు పోయినవాడి కాలు చీరిన ముళ్లకొమ్మే వెనక వచ్చినవాడి కాలూ చీరుతోంది. పందెం అయ్యాక అందరూ ఒకే గుంటలో, ఒకే తొట్టిలో కాళ్లు కడుక్కుంటున్నారు. అనుమానం ఈ రెండింటి మీదా పడింది. ఇకమీదట కాళ్లు పూర్తిగా కప్పుకునే బట్టలు వేసుకుంటేనే పోటీలోకి రానిస్తామని నిబంధన పెట్టారు. జబ్బు తగ్గుముఖం పట్టింది.

ముల్లు కొసకు అంటుకునే రక్తం ఎంత? కంటికి కూడా ఆనదు. హెపటైటిస్ బి వైరస్‌కి అంత చాలు. వైరస్ ఉధృతంగా ఉన్న మనిషి రక్తం ఒక్క మిల్లీలీటరులో వంద కోట్ల వైరస్ కణాలు ఉండొచ్చు. అందులో లక్షో వంతు తుంపర తీసుకున్నా వేలల్లో లెక్క వస్తుంది. హెచ్ఐవీ ఉన్న రోగికి వాడిన సూది పొరపాటున నర్సుకు గుచ్చుకుంటే జబ్బు అంటుకునే అవకాశం వెయ్యికి మూడు. హెపటైటిస్ సి అయితే నూటికి రెండు దాకా. టీకా వేయించుకోని నర్సుకు బి అయితే నూటికి ముప్ఫై దాకా. మనం మాత్రం దశాబ్దాలుగా భయమంతా హెచ్ఐవీకే కేటాయించాం.

చింపాంజీలు చెప్పిన జవాబు

ఒంటి బయట ఈ వైరస్ ఎన్నాళ్లు బతుకుతుందో తేల్చడం అంత సులువు కాలేదు. బాక్టీరియా అయితే గాజు పళ్లెంలో ఆహారం వేసి పెంచి, పెరిగిందా లేదా చూడొచ్చు. హెపటైటిస్ బి అలా పెరగదు, దానికి మనిషి కాలేయ కణమే కావాలి. మనిషి తర్వాత అది అంటుకునే జంతువు చింపాంజీ. 1981లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం, సీడీసీ శాస్త్రవేత్తలు వైరస్ ఉన్న ప్లాస్మాను ఆరబెట్టి, 25 డిగ్రీల వేడిలో, 42 శాతం తేమలో వారం రోజులు అలాగే ఉంచారు. వారం తర్వాత ఆ పొడిని నీళ్లలో కలిపి చింపాంజీలకు ఎక్కించారు. జబ్బు అంటుకుంది. ఆ చింపాంజీలకు మనం ఎంత రుణపడ్డామో ఎవరూ రాయరు.

‘హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కనీసం ఏడు రోజులు బతుకుతుంది’ అని ఆసుపత్రి గోడల మీదా, ఆరోగ్య సంస్థల కరపత్రాల్లోనూ కనిపించే వాక్యానికి మూలం ఇలాంటి ప్రయోగాలే. ఆ వాక్యంలో అసలు చదవాల్సిన మాట ‘కనీసం’. పరీక్ష పెట్టింది ఏడు రోజులకే, ఎనిమిదో రోజున వైరస్ చచ్చిపోతుందని ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు ప్రయోగశాలలో కాలేయ కణాల మీదే పరీక్షించే పద్ధతులు వచ్చాయి. జర్మనీ పరిశోధకులు అలా పరీక్షించి 2019లో ప్రకటించిన ఫలితాల ప్రకారం 4 డిగ్రీల చలిలో ఇది నెలల తరబడి చెక్కుచెదరకుండా ఉండగలదు.

విచిత్రమేమిటంటే ఇది కొవ్వు పొర కప్పుకున్న వైరస్. సాధారణంగా ఆ పొర ఉన్నవి సుకుమారాలు. ఎండితే చాలు, పొర చితికి వైరస్ పనికిరాకుండా పోతుంది. బి మాత్రం ఆ కట్టుబాటుకు లొంగలేదు. దానికి రక్తంలోని మాంసకృత్తులు తోడవుతాయి. రక్తపు చుక్క ఆరి గట్టిపడినప్పుడు లోపలున్న వైరస్‌కి ఆ పెచ్చే అడ్డు. మీద స్పిరిట్ దూది ఇలా అని అలా తీసేస్తే పై పొర తడుస్తుంది, అంతే.

కాగితం కూడా తక్కువ తినలేదు. 1970ల్లో అమెరికాలో ఒక ఆసుపత్రి ప్రయోగశాల ఉద్యోగులకు వరసగా హెపటైటిస్ బి వచ్చింది. రక్తం నమూనాలతో పాటు చేతులు మారే కంప్యూటర్ కార్డుల అంచులు వేళ్లు కోస్తున్నాయనీ, వైరస్ ఆ దారిన వచ్చి ఉండొచ్చనీ పరిశోధకులు తేల్చారు. కొత్త నోట్లు లెక్కపెట్టినప్పుడు వేలు తెగిన వాళ్లకు ఆ గాయం ఎంతటిదో తెలుసు. రక్తం కూడా రాదు, చుర్రుమంటుంది, మరిచిపోతాం.

కటింగ్ షాపు, గ్లూకోమీటర్, జాతర

మన వీధిలోకి వద్దాం. కటింగ్ షాపులో ఒకప్పుడు తోలు పట్టీ మీద నూరిన కత్తి అందరి గడ్డాల మీదా తిరిగేది. ఇప్పుడు బ్లేడు మధ్యకు విరిచి సగం ముక్క హోల్డరులో పెడుతున్నారు. మంచి మార్పే. ‘అన్నా, బ్లేడు మార్చావా?’ అని అడిగితే ఎవరూ చిన్నబుచ్చుకోవడం లేదు, కాగితం విప్పి చూపించి మరీ పెడుతున్నారు. కానీ అద్దం ముందు అరలో కూర్చున్న పటిక రాయి సంగతి ఎవరూ అడగరు. గడ్డం అయ్యాక దాన్ని నీళ్లలో ముంచి, తెగిన చోట రుద్ది, తిరిగి అక్కడే పెడతారు. పావుగంటకు అదే రాయి ఇంకో చెంప మీద ఉంటుంది. పటిక రక్తాన్ని ఆపుతుంది. వైరస్‌ని చంపుతుందని పూచీ ఇవ్వగలవాళ్లు లేరు. హోల్డరు సందులో ఇరుక్కున్న నురగ, మెడ వెనక చర్మాన్ని గీకే ట్రిమ్మరు పళ్లు కూడా ఇదే ఖాతాలో వస్తాయి. డెట్టాల్ వాసన వేసే గిన్నెలో దువ్వెన ముంచి తీస్తే అన్నీ శుద్ధి అయినట్టు మనం సమాధానపడతాం.

జాతరలో పచ్చబొట్టు మరీ ఘోరం. బ్యాటరీతో బర్రుమని తిరిగే మిషను, దాని ముందు ఒకటే సూది, పక్కన సిరా పోసిన చిన్న మూత. సూది చర్మంలో దిగుతుంది, రక్తం చెమ్మతో బయటికొస్తుంది, మళ్లీ సిరాలో మునుగుతుంది. ఆ సాయంత్రానికి మూతలో సిరా ఎంత, రక్తం ఎంత? సూది మార్చమని అడిగే తెలివైనవాళ్లు కూడా సిరా మార్చమని అడగరు.

వీటికన్నా నాకు ఎక్కువ బెంగ కలిగించేది ఇంట్లో ఉండే గ్లూకోమీటర్. మన ఇళ్లలో షుగర్ ఇప్పుడు చుట్టరికంలా అల్లుకుపోయింది. అత్తగారికి, మామగారికి, ఇంటాయనకు కలిపి ఒకటే మిషను. వేలికి గుచ్చే పెన్ను కూడా ఒకటే. సూది మారిస్తే సరిపోతుందనుకుంటారు, లేదా ‘మనం మనమే కదా’ అని అదీ మార్చరు. పెన్ను కొస మీద, మిషను అంచు మీద రక్తం తాలూకు సన్నటి జాడ మిగులుతుంది. 2010లో అమెరికాలోని నార్త్ కరోలినాలో ఒక వృద్ధుల ఆశ్రమంలో 8 మందికి హెపటైటిస్ బి సోకింది. వాళ్లలో ఆరుగురు చనిపోయారు. విచారణ చేస్తే షుగర్ పరీక్షకు వేలు గుచ్చే పెన్నును ఒకరికి మించి వాడటం బయటపడింది. కాబట్టి వేలికి గుచ్చే పెన్ను ఎవరిది వాళ్లకే. మిషను పంచుకోక తప్పకపోతే ప్రతిసారీ తుడిచి తీరాలి.

డయాలసిస్ కేంద్రాల్లో ‘బి పాజిటివ్ మిషను’ అని ఒకటి పక్క గదిలో వేరుగా ఉంచడం కూడా ఇందుకే. అక్కడ రక్తం రోజంతా గొట్టాల్లో తిరుగుతుంది. మిషను మీటల మీదా, మంచం కడ్డీల మీదా పడే తుంపర కంటికి కనబడదు. పక్క గదికి పంపితే వెలివేసినట్టు బాధపడేవాళ్లున్నారు. అది వెలి కాదని సిబ్బంది రెండు నిమిషాలు కూర్చుని చెబితే బాగుంటుంది.

సిరంజి కడుపులో

హెపటైటిస్ సి కథ కొంచెం వేరు. 1989లో గానీ వైరస్ దొరకలేదు. ఆ పనికి హార్వే ఆల్టర్, మైకేల్ హౌటన్, చార్లెస్ రైస్‌లకు 2020లో నోబెల్ వచ్చింది. ఆరిన రక్తంలో ఇది బి అంత మొండిది కాదు. చింపాంజీల మీద చేసిన పరీక్షలో ఆరబెట్టిన 16 గంటల తర్వాత కూడా అంటుకుంది, నాలుగు రోజులకు అంటుకోలేదు. ఆ తర్వాతి ప్రయోగశాల పరీక్షల్లో గది వేడిమిలో వారాల తరబడి నిలిచింది. కాబట్టి వారాల దాకా జాగ్రత్తగా ఉండటమే మంచిది.

కానీ సిరంజి లోపలైతే లెక్క మారిపోతుంది. యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2010లో చూపించిందిది: సూది విడిగా తగిలించే రకం సిరంజిలో మిగిలిన రక్తంలో హెపటైటిస్ సి వైరస్ 63 రోజుల దాకా సజీవంగా ఉంది. సూది సిరంజికే అతికి ఉండే ఇన్సులిన్ సిరంజిలో అంతకాలం లేదు. తేడా ఎక్కడుందంటే, ముషలకాన్ని చివరిదాకా నొక్కినా సూది తగిలించే మూతి దగ్గర కొంచెం ఖాళీ మిగులుతుంది. అందులో రక్తం తడిగా, గాలి తగలకుండా భద్రంగా ఉంటుంది. పైన సూది మాత్రం మార్చి, కింద సిరంజి అదే వాడే పద్ధతి కొన్ని చోట్ల ఇంకా ఉంది. కొత్త సూది చూసి రోగి నిశ్చింతగా చెయ్యి చాస్తాడు. జబ్బు ఉన్నది కింద గొట్టంలో.

దీని ఫలితం దేశం మొత్తం చూసిన చోటు ఈజిప్టు. నత్తగుల్లల ద్వారా నీటిలో వచ్చే షిస్టోసోమియాసిస్ జబ్బును నిర్మూలించాలని అక్కడ 1950ల నుంచి 1980ల మొదలు దాకా ఊరూరా జనానికి ఇంజెక్షన్లు ఇచ్చారు. ఉద్దేశం మంచిదే, చేసినవాళ్లు చిత్తశుద్ధి ఉన్నవాళ్లే. గాజు సిరంజిలు సరిగా ఉడకకుండానే చేతులు మారాయి. ఒక తరం గడిచాక చూస్తే ప్రపంచంలోకెల్లా హెపటైటిస్ సి అత్యధికంగా ఉన్న దేశాల్లో ఈజిప్టు ఒకటి. మెచ్చుకోవాల్సింది తర్వాతి కథ. 2018లో మొదలుపెట్టి కోట్ల మందికి రక్తపరీక్షలు చేసి, మందులు ఉచితంగా ఇచ్చి, ఆ మచ్చను చాలావరకు చెరిపేసుకుంది.

మన దగ్గర 2009లో గుజరాత్‌లోని అప్పటి సాబర్‌కాంఠా జిల్లా మొడాసాలో హెపటైటిస్ బి విరుచుకుపడి, పదుల సంఖ్యలో జనం చనిపోయారు. వాడేసిన సిరంజిలు మళ్లీ వాడటమే కారణమని తేలింది. ఇప్పటికీ మన ఊళ్లలో జ్వరం వస్తే ‘ఓ సూది వెయ్యండి డాక్టరుగారూ’ అని అడిగేది మనమే. మాత్రతో పోయేదానికి సూది ఎందుకని ఆర్ఎంపీ అంటే, ఆయన చేతివాసి మంచిది కాదని ఇంకో ఆర్ఎంపీ దగ్గరికి పోతాం.

క్లోరిన్ కళ్లుగప్పిన వైరస్

ఇప్పటిదాకా చెప్పింది రక్తం దారి. ఎ, ఇ రకాలది మలం, నీరు, నోరు దారి. వీటికి కొవ్వు పొర బెడద లేదు. పేగుల్లోంచి బయటికొచ్చేటప్పుడు ఒంటి మీద మాంసకృత్తు చిప్ప తప్ప ఏమీ ఉండదు. అందుకే బయటి ప్రపంచం వీటిని అంతగా బాధించదు. హెపటైటిస్ ఎ వైరస్ ఎండిన మలంలో 30 రోజులు నిలిచినట్టు ప్రయోగాలు చూపించాయి. నీటిలో నెలలుంటుంది. ఫ్రీజర్‌లో పెడితే చావదు సరికదా, ఇంకా భద్రంగా ఉంటుంది. చేతుల మీద నాలుగు గంటల తర్వాత కూడా కొంత మిగులుతుంది. కరోనా నేర్పిన అలవాటుతో శానిటైజర్ రుద్దుకుని భోజనానికి కూర్చునేవాళ్లు ఒక సంగతి గమనించాలి. ఆల్కహాలు కరిగించేది కొవ్వు పొరని. అది లేని వైరస్ మీద దాన్ని నమ్ముకోలేం. సబ్బుతో రుద్ది, పారే నీళ్లలో కడుక్కోవడమే దారి.

1988లో షాంఘైలో సుమారు మూడు లక్షల మందికి హెపటైటిస్ ఎ వచ్చింది. మురుగు కలిసిన నీటిలో పెరిగిన ఆల్చిప్పల్లాంటి జీవుల్ని వేడినీళ్లలో ఇలా ముంచి అలా తీసి తినడం అక్కడి అలవాటు. ఈ వైరస్ చావాలంటే ఆ తిండి లోపలిదాకా 85 డిగ్రీల వేడి ఒక నిమిషమైనా తగలాలి.

ఢిల్లీ కథ మనం ఇంకా బాగా గుర్తుపెట్టుకోవాలి. 1955 వరదల తర్వాత యమున దారి మార్చుకుంది. నజఫ్‌గఢ్ మురుగు కాలువ నీరు వజీరాబాద్ దగ్గర నగరానికి నీళ్లు తోడే చోటికి ఎదురొచ్చింది. అక్కడి సిబ్బంది నిద్రపోలేదు. చూశారు, పటిక పెంచారు, క్లోరిన్ పెంచారు. టైఫాయిడ్ విజృంభించలేదు. గండం గడిచిందనుకున్నారు. కొన్ని వారాలకు కామెర్లు మొదలయ్యాయి. 29,300 మందికి. బాక్టీరియాను చంపడానికి సరిపోయిన క్లోరిన్, మురుగు కలిసిన నీటిలో వైరస్‌ని చంపడానికి సరిపోలేదు.

అది హెపటైటిస్ ఎ అని పాతికేళ్లు అనుకున్నారు. 1978లో కశ్మీర్ లోయలో మళ్లీ అలాంటిదే వచ్చినప్పుడు, నిండు గర్భిణులు ఎక్కువగా చనిపోతున్నారని డాక్టర్ మహమ్మద్ సుల్తాన్ ఖురూ గమనించారు. ఇది ఎ కాదు, బి కాదు, ఇంకేదో అని వాదించారు. భద్రపరిచిన పాత రక్తం నమూనాలు పరీక్షిస్తే ఢిల్లీది కూడా ఎ కాదని తేలింది. 1980ల మొదట్లో సోవియట్ శాస్త్రవేత్త మిఖాయిల్ బలయాన్ మరో అడుగు ముందుకేశాడు. అఫ్గానిస్థాన్‌లో జబ్బుపడ్డ సైనికుల మలం నుంచి తీసిన ద్రవాన్ని తానే తాగేశాడు. నెల దాటాక కామెర్లు వచ్చాయి, ఆయన మలంలో కొత్త వైరస్ కనబడింది. అదే హెపటైటిస్ ఇ. ఆయన బతికి బయటపడ్డాడు. ఏ ఆసుపత్రి నైతిక కమిటీ అయినా ఇవాళ ఇలాంటి ప్రయోగానికి సంతకం పెడుతుందా?

2005లో హైదరాబాద్ వంతు వచ్చింది. వెయ్యి మందికి పైగా కామెర్లు. పరిశోధకులు పటాలు పరిచి చూస్తే, మంచినీళ్ల పైపులు బహిరంగ మురుగు కాలువల్ని దాటుకుంటూ పోయే పేటల్లోనే జబ్బు ఎక్కువగా ఉంది. రోజుకు రెండు గంటలో, రోజు విడిచి రోజో నీళ్లు వదిలే ఊళ్లలో ఇదొక శాపం. పంపు కట్టేసినప్పుడు పైపులో ఒత్తిడి పడిపోతుంది. పగులు దగ్గర బయటున్న మురుగుని పైపే లోపలికి పీల్చుకుంటుంది. నీళ్లొచ్చిన మొదటి పది నిమిషాలు రంగు మారి వస్తే అసలు జరిగింది అదే. కామెర్లు రాగానే నేల ఉసిరి పసరు తాగించి, చేతి మీద చురక పెట్టించే ఇంట్లో, ఆ నీళ్లు మరగబెట్టే పని మాత్రం ఎవరూ చేయరు. ఎ, ఇ రకాలు చాలామందిలో వాటంతటవే తగ్గుతాయి కాబట్టి పసరుకు పేరొస్తుంది. నిండు గర్భిణికి ఇ వస్తే నూటికి ఇరవై మంది దాకా చనిపోవచ్చు. ఆ ఇంట్లో పసరు కోసం ఒక్క రోజు కూడా వృథా చేయకూడదు.

చుక్క పడితే

ఇంట్లోనో, దుకాణంలోనో రక్తం పడితే ఏం చేయాలి? చేతికి గ్లవ్స్ వేసుకుని, ముందు కాగితంతోనో, పారేసే గుడ్డతోనో రక్తం పూర్తిగా అద్దాలి. ఆ తర్వాత బజారులో దొరికే ద్రవ బ్లీచ్ ఒక పాలు, నీళ్లు తొమ్మిది పాళ్లు కలిపి ఆ చోట పోసి పది నిమిషాలు తడిగా వదిలేయాలి. అప్పుడు తుడవాలి. చాలామంది పోసిన వెంటనే తుడిచేస్తారు, మందుకు పని చేసే వ్యవధే ఇవ్వరు. నిన్న కలిపిన బ్లీచ్ నీళ్లు ఇవాళ పనికిరావు. యాసిడ్‌తో కలపొద్దు, విషవాయువు వస్తుంది. ఎవరికైనా వాడిన సూది గుచ్చుకుంటే పిండొద్దు, సబ్బుతో కడిగి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. బి విషయంలో 24 గంటల్లో టీకా, ఇమ్యునోగ్లోబులిన్ పడితే జబ్బు ఆగే అవకాశం బాగా ఉంది.

కంచానికి శిక్ష

ఇంత చెప్పాక భయం ఎక్కువైతే అది నా తప్పే అవుతుంది. ఏడు రోజులు బతకడం వేరు, ఏడు రోజులు అంటుకోవడం వేరు. బల్ల మీద ఆరిన చుక్క బల్ల మీంచి ఎగిరి రాదు. తెగిన చర్మమో, కన్నో, నోటి లోపలి పుండో దానికి తగలాలి. హెపటైటిస్ బి, సి ఉన్న మనిషి పక్కన కూర్చుంటే, కలిసి తింటే, దగ్గితే, కౌగిలించుకుంటే రావు. దోమ కుడితే రావు.

మన ఇళ్లలో జరిగేది దీనికి తలకిందులు. కోడలికి హెపటైటిస్ బి ఉన్నట్టు చూపే హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్ అని కాన్పుకు ముందు పరీక్షలో తేలితే ఆమె కంచం, గ్లాసు వేరు చేస్తారు. బాత్రూంలో రేజరు మాత్రం అందరిదీ ఒకటే ఉంటుంది, గోళ్లు తీసే కట్టరు ఒకటే ఉంటుంది. మరోపక్క హెపటైటిస్ ఇ మోసుకొచ్చే కుళాయి నీళ్లు ఆ వేరు చేయని గ్లాసుల్లోనే అందరూ తాగుతారు. కంచం నేరం చేయలేదు, శిక్ష దానికే.

జగిత్యాల నుంచి, కోనసీమ నుంచి, కడప నుంచి గల్ఫ్‌కు వెళ్లే కుర్రాళ్లలో చాలామందికి తమకు బి ఉందన్న సంగతి వీసా మెడికల్‌లో ‘అన్‌ఫిట్’ అని రాసినప్పుడే తెలుస్తుంది. అప్పు చేసి ఏజెంటుకు కట్టిన డబ్బు పోయి, ఊళ్లో తలెత్తుకోలేక తిరిగేవాళ్లకు ఆ వైరస్ చాలా సందర్భాల్లో పుట్టినప్పుడు తల్లి నుంచే వచ్చి ఉంటుందని ఎవరూ చెప్పరు. పసికందుకు అంటితే నూటికి తొంభై మందిలో జీవితాంతం ఉండిపోతుంది. పెద్దయ్యాక అంటితే నూటికి ఐదుగురిలో కూడా ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022 నాటికి మన దేశంలో 2.98 కోట్ల మందికి బి, 55 లక్షల మందికి సి ఉన్నాయి.

వైరస్ ఎంత మొండిదైనా టీకా ముందు తల వంచుతుంది. ఒకప్పుడు విదేశాల నుంచి తెప్పించుకోవాల్సిన ఈ టీకాను వరప్రసాద్ రెడ్డిగారి శాంతా బయోటెక్నిక్స్ 1997లో హైదరాబాద్‌లో తయారుచేసి, ధరను నేలకు దించింది. ఇప్పుడది సర్కారు ఆసుపత్రుల్లో పుట్టిన బిడ్డకు ఉచితం. తొలి మోతాదు పుట్టిన 24 గంటల్లో పడాలి. ‘మంచి రోజు చూసి వేయిద్దాం’ అనే అమ్మమ్మలకు ఈ ఒక్క విషయంలో లొంగకండి. హెపటైటిస్ సికి టీకా లేదు గానీ, చాలామందిలో పన్నెండు వారాల మాత్రలతో నయమైపోతుంది. ఆ మాత్రలు తయారుచేసే కంపెనీల్లో హైదరాబాద్ కంపెనీలూ ఉన్నాయి. 2018 జులై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద పరీక్ష, మందులు రెండూ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం.

మీరు ఈ పరీక్ష ఒక్కసారి కూడా చేయించుకోకపోతే ఈ వారం చేయించుకోండి. బి లేదని తేలితే మూడు మోతాదుల టీకా వేయించుకోండి. ఉందని తేలితే డాక్టరు చెప్పినట్టు నడుచుకుంటూ ఇంట్లో మిగతావాళ్లందరికీ పరీక్ష, టీకా చేయించండి. రేజరు, బ్రష్షు, గోళ్ల కట్టరు, వేలికి గుచ్చే పెన్ను ఎవరివి వాళ్లకు పెట్టండి. కంచం మాత్రం కలిపే ఉంచండి.